గెయిన్ పెంచితే జోరీగ మోత: పికప్సా, పెడలా, యాంపా? ముందు ఏది మార్చాలి?

ఆరో_తీగ

అందరికీ నమస్తే. ముందు సెటప్ చెప్పేస్తాను. స్ట్రాట్ తరహా గిటార్, తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్స్‌లో బ్రిడ్జ్ దగ్గరిది హంబకర్ (రెండు కాయిల్స్‌ది), మిగతా రెండూ సింగిల్ కాయిల్స్. తీగలు 9–42 (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). 6 మీటర్ల కేబుల్, ఒక డిస్టార్షన్ పెడల్, చివర్లో 8 అంగుళాల స్పీకర్ ఉన్న 20 వాట్ల ట్రాన్సిస్టర్ కాంబో (యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో). యాంప్ మీద బేస్ 8, మిడ్ 3, ట్రెబుల్ 7. పెడల్ మీద గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచి విరగ్గొట్టాలో చెప్పే నాబ్) 8.

కావాల్సింది పాత రాక్ రికార్డుల్లో వినిపించే క్రంచ్, అంటే కాస్త విరిగిన గరుకు స్వరం. కార్డ్ కొడితే లోపలి స్వరాలు విడివిడిగా తెలియాలి. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే దాదాపు క్లీన్ అయిపోవాలి.

వస్తున్నది వేరు. గెయిన్ 6 దాటితే పైన చెవి దగ్గర జోరీగ తిరుగుతున్నట్టు గీర, కింద అంతా బురద. ఒక్కణ్ణే వాయిస్తే గది నిండిపోతుంది, డ్రమ్స్, బేస్ గిటార్ మొదలయ్యాక నేనసలు వాయిస్తున్నానో లేదో తెలియదు. గిటార్ వాల్యూమ్ 7కి తగ్గిస్తే దుప్పటి కప్పినట్టు మూగబోతుంది. పెడల్‌ని నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి పెట్టి హెడ్‌ఫోన్స్‌లో వింటే ఇంకా ఘోరం.

ఒకటో రెండో వస్తువులు మార్చగలను. హై అవుట్‌పుట్ హంబకర్ వేయించనా, మంచి పెడల్ తీసుకోనా, ట్యూబ్ యాంప్‌కి వెళ్లనా?

మిడ్స్_మనిషి

ఇంకా ఏమీ కొనకండి. మీరు రాసిన నంబర్లలోనే సగం జబ్బు కనిపిస్తోంది.

బేస్ 8, మిడ్ 3, ట్రెబుల్ 7 అంటే మధ్యలో గొయ్యి తవ్వినట్టే. ఒంటరిగా వింటే అది బ్రహ్మాండంగా ఉంటుంది, బ్యాండ్‌లో మాయమైపోతుంది. గిటార్ లావు E తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, సన్న తీగ మీద 22వ ఫ్రెట్ కూడా 1175 హెర్ట్జే. ఆ పైన ఉన్నవి హార్మోనిక్స్. కింద 100 లోపల బేస్ గిటారూ కిక్ డ్రమ్మూ కూర్చుని ఉంటాయి, పైన 5 వేలు దాటితే సింబల్స్. మీరేమో సరిగ్గా ఆ రెండు చోట్లే పెంచి, గిటార్‌కి మిగిలిన 500–1500 ప్రాంతాన్ని కోసేశారు. మీ చోటు మీరే ఖాళీ చేస్తే ఇంకెవరు వినిపిస్తారు?

ఇంకో చిక్కు ఉంది. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్, ట్రెబుల్ రెండూ తగ్గి వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే మెల్లగా పెట్టుకుని సరిచేసిన టోన్‌లో ఆ రెండూ ఎక్కువైపోతాయి. అదే సెట్టింగ్‌ని బ్యాండ్ శబ్దానికి లేపితే బురదా గీరా రెండూ ఒకేసారి బయటికొస్తాయి. ఏ శబ్దంలో వాయిస్తారో ఆ శబ్దంలోనే నాబ్స్ తిప్పాలి.

ఇలా చేయండి. పెడల్ ఆపేసి, యాంప్ క్లీన్ చానెల్‌లో మూడు నాబ్స్‌నీ 5 మీదకి తెచ్చి, అక్కణ్ణుంచి మిడ్‌ని 7కి, బేస్‌ని 4కి మార్చండి. ఒంటరిగా వింటే ముక్కుతో పాడుతున్నట్టు అనిపిస్తుంది, పట్టించుకోకండి. అన్నట్టు, 5 మీద పెట్టినంత మాత్రాన ఫ్లాట్ అయిపోదు. ఫెండర్ బ్లాక్‌ఫేస్ తరహా టోన్ సర్క్యూట్‌లో అన్నీ 5 మీద ఉన్నా మిడ్స్ గుంటపడే ఉంటాయి. ఫ్లాట్‌కి దగ్గర కావాలంటే మిడ్ 10, బేస్, ట్రెబుల్ 2 దగ్గర ఉండాలి. నంబర్లని నమ్మకండి, చెవిని నమ్మండి.

ఇప్పుడు పెడల్ ఆన్ చేసి గెయిన్ సున్నా నుంచి ఎక్కించండి. కార్డ్‌లో మూడో స్వరం ఎక్కడ కనబడకుండా పోతుందో అక్కడ ఆగి కాస్త వెనక్కి రండి. మీ పెడల్‌లో అది 4 దగ్గర ఉంటుందని నా అంచనా.

గెయిన్ పెరిగితే కార్డ్ ఎందుకు బురదవుతుందంటే, డిస్టార్షన్ రెండు స్వరాల్ని అలాగే ఉంచదు, వాటి కూడికనీ తేడానీ కొత్త స్వరాలుగా పుట్టిస్తుంది. 110 హెర్ట్జ్ A స్వరం, దాని పంచమం 165 కలిపి కొడితే తేడా 55. అంటే ఒక ఆక్టేవ్ కింద మళ్లీ A స్వరమే. పవర్ కార్డ్ లావుగా వినిపించడానికి కారణం అదే. అదే 110తో మేజర్ థర్డ్ 138.6 కొడితే తేడా 28.6, కూడిక 248.6. రెండూ ఆ కార్డ్‌కి చెందినవి కావు. గెయిన్ పెరిగేకొద్దీ ఈ అక్కర్లేని చుట్టాలు ఎక్కువవుతారు. విడివిడిగా వినబడాలంటే గెయిన్ తగ్గించాలి, లేదా కార్డ్‌లో స్వరాలు తగ్గించాలి. రికార్డుల్లో విన్న క్రంచ్‌లో గెయిన్ మనం ఊహించుకునే దాంట్లో సగమే ఉంటుంది. లావుదనం రెండు గిటార్లు రెండు పక్కలా రికార్డ్ చేయడం వల్ల వస్తుంది.

సోల్డర్_పొగ

పైన చెప్పినదంతా సరే. నేను గిటార్ వైపు నుంచి చెబుతాను.

హై అవుట్‌పుట్ హంబకర్ వద్దు. మీ ఫిర్యాదు గెయిన్ ఎక్కువై స్వరాలు కలిసిపోతున్నాయని. హై అవుట్‌పుట్ పికప్ చేసేది పెడల్‌కి ఇంకా గట్టి సిగ్నల్ ఇవ్వడం, అంటే గెయిన్ నాబ్‌ని ఇంకాస్త తిప్పడమే. రోగం ఒకటైతే మందు ఇంకొకటి. ప్యాకెట్ మీద రాసిన కిలో ఓమ్స్ చూసి పికప్ ఎంచుకోవడం కూడా మానండి. మామూలు స్ట్రాట్ పికప్ 6 కిలో ఓమ్స్ చుట్టూ, పాత గిబ్సన్ పీఏఎఫ్ తరహా హంబకర్ 7.5–8.5 మధ్య ఉంటుంది. కానీ సన్నటి తీగ చుడితే అవుట్‌పుట్ పెరగకపోయినా ఆ అంకె పెరుగుతుంది. అయస్కాంతం ఏది, ఎన్ని చుట్లు, ఇండక్టెన్స్ ఎంత అన్నవి తెలియకుండా ఆ ఒక్క అంకెతో ఏమీ తేలదు.

దానికంటే ముందు ఒక స్క్రూడ్రైవర్, మిల్లీమీటర్ల స్కేలు తీసుకోండి. పికప్ ఎత్తు సరిచేయడం పైసా ఖర్చు లేని పని. ఇంత పెద్ద తేడా తెచ్చే పని ఇంకోటి లేదు.

లావు E తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి. పోల్ పీస్ (పికప్ మీద తీగ కింద కనిపించే లోహపు ముక్క) పైభాగం నుంచి తీగ అడుగు వరకు కొలవండి. సింగిల్ కాయిల్స్‌కి లావు తీగ వైపు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 2 దగ్గర మొదలుపెట్టండి. బ్రిడ్జ్ హంబకర్‌కి రెండు వైపులా 1.6 నుంచి 2.4 మధ్య. స్క్రూని ఒక్కోసారి పావు చుట్టు మాత్రమే తిప్పి, వాయించి, వినాలి. మీకు కార్డ్ స్పష్టత కావాలి కాబట్టి హంబకర్ లావు తీగ వైపుని 2.4 నుంచి ఇంకో అర మిల్లీమీటర్ కిందికి దించి చూడండి. బురద పెడల్‌లోకి వెళ్లకముందే ఆగిపోతుంది.

సింగిల్ కాయిల్స్ మరీ దగ్గరగా ఉంటే వచ్చే దోషం వేరు. వాటి పోల్ పీసులే అయస్కాంతాలు, తీగని లాగుతాయి. లావు తీగని 12వ ఫ్రెట్ పైన మోగించి చెవి పెట్టండి. ఒక్క స్వరం బదులు రెండు స్వరాలు కొట్టుకుంటున్నట్టు వణుకు వినిపిస్తే, ఎంత ట్యూన్ చేసినా ట్యూన్ కుదరకపోతే, నెక్ పికప్‌ని దించండి. చాలామంది దీన్ని ఇంటొనేషన్ (ఫ్రెట్ల మీద శ్రుతి) తప్పనుకుని బ్రిడ్జ్ శాడిల్స్‌తో కుస్తీ పడతారు.

వాల్యూమ్ 7లో మూగబోవడానికి వస్తే, అందులో కేబుల్‌కి వాటా ఉంది. మామూలు గిటార్ కేబుల్‌కి మీటరుకి 100 పికోఫారడ్ చుట్టూ కెపాసిటెన్స్ ఉంటుంది. మీ 6 మీటర్లకి 600. పికప్ సొంతది ఒక 100 కలుపుకోండి. 2.4 హెన్రీల సింగిల్ కాయిల్ ఆ 700తో కలిసి 3.9 కిలోహెర్ట్జ్ దగ్గర రెజొనేట్ అవుతుంది, అంటే అక్కడ గట్టిగా మోగి ఆ పైన పడిపోతుంది. కేబుల్ 3 మీటర్లయితే అదే 5.1కి ఎక్కుతుంది. 4.5 హెన్రీల హంబకర్ అయితే 2.8 నుంచి 3.75కి. పికప్ మార్చినంత తేడా ఇది. క్లీన్‌లో మెరుపు లేదనుకునేవాళ్లు ముందు పొట్టి కేబుల్ పెట్టి వినాలి.

వాల్యూమ్ తగ్గించినప్పుడు నాబ్ కింద ఉండే పాట్ (పొటెన్షియోమీటర్) లోని నిరోధం ఈ కెపాసిటెన్స్‌కి ముందు అడ్డంగా చేరి ట్రెబుల్‌ని కోస్తుంది. 500కె (కిలో ఓమ్స్) పాట్ సగం నిరోధం దగ్గర ఉన్నప్పుడు అది 125 కిలో ఓమ్స్ అవుతుంది, 600 పికోఫారడ్స్‌తో కలిస్తే 2.1 కిలోహెర్ట్జ్ నుంచే కోత. మీరు చెప్పిన దుప్పటి అదే. విరుగుడు ట్రెబుల్ బ్లీడ్, అంటే వాల్యూమ్ తగ్గించినా ట్రెబుల్‌కి పక్కదారి ఇచ్చే చిన్న సర్క్యూట్. 150 కిలో ఓమ్స్ రెసిస్టర్, 680 పికోఫారడ్ కెపాసిటర్, రెండిటినీ ప్యారలల్‌గా కలిపి వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలికీ మధ్య కాలికీ మధ్య సోల్డర్ చేయాలి. తగ్గించినప్పుడు మరీ పలచబడితే కెపాసిటర్‌ని 470కి దించండి.

సోల్డరింగ్‌కి చేయి తిరిగి ఉంటే ఇంకో పద్ధతి, 50ల వైరింగ్. టోన్ కెపాసిటర్ వెళ్లే తీగని వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలి నుంచి తీసి మధ్య కాలికి మార్చడమే. కొత్త భాగం ఏదీ అక్కర్లేదు. కాకపోతే వాల్యూమూ టోనూ ఒకదాన్నొకటి కొద్దిగా లాగుతాయి, అలవాటు పడాలి.

మీ గిటార్‌లో పాట్లు ఏ విలువో వెనక చూడండి. హంబకర్‌కి 500కె, సింగిల్ కాయిల్‌కి 250కె వాడుక. మీలాంటి మిశ్రమ గిటార్లలో ఏది పెట్టినా ఒకళ్లు అలుగుతారు. 250 పెడితే హంబకర్ మొద్దుబారుతుంది, 500 పెడితే సింగిల్స్ గీపెడతాయి. అందరూ వాడే చిట్కా: 500కె పాట్ ఉంచి, సింగిల్ కాయిల్స్ హాట్ తీగ నుంచి గ్రౌండ్‌కి 470 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఒక్కోటి వేయడం. వాటికి మాత్రం అది 242 అవుతుంది, హంబకర్ 500 అలాగే చూస్తుంది.

ఆరో_తీగ

మిడ్ 7, బేస్ 4, పెడల్ గెయిన్ 4. పికప్ ఎత్తులు చెప్పినట్టే పెట్టాను, హంబకర్ లావు తీగ వైపు 2.9. కార్డ్‌లో మూడో స్వరం వినబడుతోంది, ఇది నేననుకోలేదు. పాట్లు 500కె. 3 మీటర్ల కేబుల్ పెడితే క్లీన్ బాగా తెరుచుకుంది.

మిగిలింది రెండు. గట్టిగా పెడితే స్పీకర్ పొట్ట కొట్టుకుంటున్నట్టు ఫట్‌ఫట్ అంటోంది, గీర కొంత ఉంది. హెడ్‌ఫోన్స్‌లో ఏ మార్పూ లేదు. ఇప్పుడైనా యాంప్ మార్చొచ్చా? 20 నుంచి 50 వాట్లకి వెళ్తే బ్యాండ్‌కి సరిపోతుందా?

పన్నెండు_అంగుళాలు

వాట్లని చూసి మోసపోవద్దు. పవర్ రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు శబ్దం అనిపించాలంటే 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల పవర్. 20 వాట్ల నుంచి 50కి వెళ్తే 4 డెసిబెల్స్ వస్తాయి. స్పీకర్ సెన్సిటివిటీ చూడండి. సెలెస్టియన్ జీ12టీ-75కి 97 డెసిబెల్స్, గ్రీన్‌బ్యాక్‌కి 98, వింటేజ్ 30కి 100. మొదటి దాని చోట మూడోది పెడితే యాంప్‌ని రెట్టింపు చేసినట్టే, ఒక్క వాటు పెంచకుండా.

టోన్ విషయంలో అయితే గిటార్ తర్వాత అన్నిటికంటే ఎక్కువ మార్చేది స్పీకరే. పెడల్‌కి పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా దీనికి ఎవరూ పెట్టరు. గిటార్ స్పీకర్ అంటే ఉత్త స్పీకర్ కాదు, అదొక ఫిల్టర్. 5 కిలోహెర్ట్జ్ దాటాక నిటారుగా పడిపోతుంది. డిస్టార్షన్ పుట్టించే జోరీగ మోతంతా ఆ పైనే ఉంటుంది. మీరు పెడల్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌కి పెట్టినప్పుడు ఆ ఫిల్టరే లేదు, హెడ్‌ఫోన్స్ 20 కిలోహెర్ట్జ్ వరకు నిజాయితీగా అన్నీ వినిపించేస్తాయి. పెడల్ తప్పు కాదది.

దానికి మందు ఇంపల్స్ రెస్పాన్స్. ఒక క్యాబినెట్, ఒక మైక్, ఆ మైక్ పెట్టిన చోటు, మూడూ కలిపి పట్టుకున్న చిన్న ఆడియో ఫైలు అది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంపల్స్ రెస్పాన్స్ లోడర్ ప్లగిన్ వేసి, యాంప్ సిమ్యులేటర్ తర్వాత దాన్ని పెట్టండి. ఫైళ్లు వంద దింపుకోకండి. 12 అంగుళాల వింటేజ్ 30ది ఒకటి, గ్రీన్‌బ్యాక్‌ది ఒకటి, చాలు. తాత్కాలికంగా అయితే ఈక్యూ (ఈక్వలైజర్) లో 5 కిలోహెర్ట్జ్ దగ్గర హై కట్, 90 హెర్ట్జ్ దగ్గర లో కట్ వేసినా సగం బాధ పోతుంది. ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కారో లేదో కూడా చూడండి. గిటార్‌కి 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్‌పుట్‌లో నేరుగా పెడితే పికప్ మీద బరువు పడి ట్రెబుల్ చచ్చిపోతుంది.

మీ కాంబోలో ఫట్‌ఫట్‌కి కారణం 8 అంగుళాల స్పీకర్‌ని, ఆ చిన్న పెట్టెని లేని బేస్ ఇమ్మని అడగడం. కింది స్వరాలు పవర్‌నంతా తినేస్తాయి, కోన్ కదలాల్సిన దానికంటే ఎక్కువ కదులుతుంది. బేస్‌ని 3కి దించి, కాంబోని నేల మీంచి లేపి కుర్చీ మీద పెట్టి, కొద్దిగా వెనక్కి వాల్చండి. నేల మీద ఉంటే స్పీకర్ మోకాళ్లకి పాడుతుంది. గిటార్ స్పీకర్ ట్రెబుల్‌ని టార్చిలైటులా ఎదురుగానే విసురుతుంది. మీరు పక్కన నిలబడి చాల్లేదని ట్రెబుల్ పెంచుతారు, ఎదురుగా కూర్చున్నవాడి చెవుల్లో సూది దిగుతుంది. నాబ్స్ తిప్పేటప్పుడు ఒకసారి స్పీకర్ ఎత్తుకి వంగి, ఎదురుగా విని సరిచేయండి.

కొనాల్సింది అంటే నా ఓటు 12 అంగుళాల స్పీకర్‌కి. మీ కాంబోకి వెనక ఎక్స్‌టర్నల్ స్పీకర్ జాక్ ఉందేమో చూడండి. ఉంటే కింద ఎన్ని ఓమ్స్ రాసుందో చదవండి. ట్రాన్సిస్టర్ యాంప్‌కి రాసింది కనీసం అన్నమాట. 4 అని ఉంటే 8 ఓమ్స్ పెట్టొచ్చు, పవర్ కొంత తగ్గుతుంది అంతే. 2 పెడితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలతాయి. లోపలి స్పీకర్ కూడా మోగుతూనే ఉంటుందా అన్నది ముఖ్యం, ఎందుకంటే 8 ఓమ్స్‌వి రెండు ప్యారలల్ అయితే 4 అవుతుంది. స్పీకర్‌కి స్పీకర్ కేబులే వాడాలి. గిటార్ కేబుల్ జాక్‌లో పడుతుంది కదా అని పెట్టకండి, లోపల సన్న తీగ వేడెక్కుతుంది.

ట్యూబ్ యాంప్‌కి వెళ్లే రోజొస్తే నియమం మారుతుంది. అక్కడ ఓమ్స్ అంకె సరిగ్గా కలవాలి. స్పీకర్ తగిలించకుండా యాంప్ ఆన్ చేసి వాయించడం అసలు చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. 15–22 వాట్ల ట్యూబ్ యాంప్, 100 డెసిబెల్స్ స్పీకర్ కలిస్తే క్రంచ్‌కి డ్రమ్స్ పక్కన సరిపోతుంది. ఫెండర్ డీలక్స్ రివర్బ్ 22 వాట్లే. కానీ డ్రమ్మర్ గట్టివాడైతే అదే యాంప్‌లో మచ్చలేని క్లీన్ మాత్రం దొరకదు, ముందే విరుగుతుంది. క్లీన్ ప్రాణం అనుకునేవాళ్లకి 1975 నుంచి రోలండ్ జేసీ-120 ఉంది, అది ట్రాన్సిస్టర్ యాంపే. ట్రాన్సిస్టర్ అంటే చిన్నచూపు అక్కర్లేదు.

మోడలింగ్ యూనిట్ (యాంప్, పెడల్స్‌ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) తీసుకుంటే ఒక్క జాగ్రత్త. దాన్ని మామూలు గిటార్ క్యాబినెట్‌లోకి పంపుతుంటే లోపలి క్యాబ్ సిమ్యులేషన్ ఆపేయాలి. లేకపోతే ఫిల్టర్ మీద ఫిల్టర్ పడి, గోడ అవతల మోగుతున్నట్టు ఉంటుంది.

పెడల్_పురుగు

అందరూ కలిసి పెడల్స్‌ని ఊరవతల నిలబెట్టేశారు. నేను కొంచెం అడ్డుపడతాను.

ఈ థ్రెడ్‌లో ఎవరూ తేల్చని విషయం, ఈక్యూ డిస్టార్షన్‌కి ముందా వెనకా అన్నది. మీ యాంప్ బేస్ నాబ్ పెడల్ తర్వాత ఉంది. అక్కడ బేస్ తగ్గిస్తే దెబ్బ తగ్గుతుంది కానీ, క్లిప్పింగ్‌లో (సిగ్నల్ అంచులు తెగడంలో) పుట్టిన బురద అప్పటికే కలిసిపోయి ఉంటుంది. బురద తగ్గాలంటే బేస్‌ని పెడల్‌కి ముందు కోయాలి. గీర తగ్గాలంటే ట్రెబుల్‌ని పెడల్ తర్వాత కోయాలి. ఇంతే సూత్రం. సోల్డర్_పొగ గారు హంబకర్ లావు వైపు దించమన్నది కూడా ఈ పనే.

ట్యూబ్ స్క్రీమర్ అంతగా పాతుకుపోవడానికి కారణం ఇదే. 1970ల చివర్లో వచ్చిన ఆ ఐబనెజ్ పెడల్ క్లిప్పింగ్‌కి ముందు 720 హెర్ట్జ్ కింద మెల్లగా కోసేస్తుంది, మిడ్స్ ముందుకొస్తాయి. దానికీ ముందు 1960ల్లో డల్లాస్ రేంజ్‌మాస్టర్ ట్రెబుల్ బూస్టర్ చేసిందీ అదే, బేస్ కోసి మిగతాది యాంప్‌లోకి గట్టిగా తోయడం. క్వీన్ గిటారిస్ట్ బ్రయన్ మే తన వాక్స్ ఏసీ30 యాంపుల ముందు ట్రెబుల్ బూస్టర్ పెట్టుకుంటాడు. వాటి నుంచి అంత పెద్ద కార్డ్ విడివిడిగా వినిపించడంలో దాని వాటా పెద్దదే.

మీకు పనికొచ్చే అమరిక: ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్‌ని మీ డిస్టార్షన్ పెడల్‌కి ముందు పెట్టండి. నాబ్ గీతని గడియారం ముల్లులా చూస్తే, డ్రైవ్ 0, టోన్ 12 గంటల దగ్గర, లెవెల్ 2–3 గంటల మధ్య. తర్వాతి పెడల్ గెయిన్‌ని 3కి తగ్గించండి. సస్టెయిన్ అంతే ఉంటుంది, బురద ఉండదు. దీనికోసం ఖరీదైన పాత పెడల్ వెతకక్కర్లేదు. 1981 నుంచి తయారవుతున్న బాస్ ఎస్‌డీ-1 కూడా ఈ పనికి సరిపోతుంది, దాని క్లిప్పింగ్ ఒక వైపు రెండు డయోడ్లు, ఒక వైపు ఒకటి. వాయింపులో కొంచెం ఎక్కువ విచ్చుకుంటుంది.

పెడల్ ఎంచుకునేటప్పుడు క్లిప్పింగ్ ఏ రకమో తెలుసుకుంటే సగం తప్పులు తప్పుతాయి. డయోడ్లు ఆప్-ఆంప్ ఫీడ్‌బ్యాక్‌లో ఉంటే అంచులు మెత్తగా వస్తాయి, గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే మాట వింటుంది. బాస్ డీఎస్-1, ప్రోకో ర్యాట్‌లలోలా డయోడ్లు గ్రౌండ్‌కి ఉంటే అంచు కత్తిరించినట్టు ఉంటుంది. ర్యాట్‌లో ఫిల్టర్ నాబ్ ఉల్టా పనిచేస్తుందని గుర్తుంచుకోండి, కుడికి తిప్పితే ట్రెబుల్ తగ్గుతుంది. కొత్తవాళ్లు దాన్ని టోన్ అనుకుని ఎడమ చివర ఉంచి తిడుతుంటారు. బిగ్ మఫ్‌లో 1 కిలోహెర్ట్జ్ చుట్టూ మిడ్స్ గుంట ఉంటుంది. ఒంటరి సోలోకి స్వర్గం, మీ బ్యాండ్ సమస్యకి మాత్రం నిప్పు మీద నెయ్యి.

గిటార్ వాల్యూమ్‌తో క్లీన్ కావడమే ముఖ్యమైతే ఫజ్ ఫేస్ తరహాని మించింది లేదు. కానీ దాన్ని గిటార్‌కి నేరుగా మొదట పెట్టాలి. ముందు బఫర్ (సిగ్నల్‌ని బలపరిచే సర్క్యూట్) ఉన్న ట్యూనర్ వచ్చిందా, గీపెడుతుంది, వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడదు. దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్ చాలా తక్కువ. పికప్ దానికి నేరుగా తగిలితేనే ఆ గుణం వస్తుంది. మిగతా పెడల్స్‌కి ముందు మాత్రం ఒక బఫర్ ఉండటం మంచిదే.

సోల్డర్_పొగ

@పెడల్_పురుగు ఒప్పుకుంటున్నాను, ఒక్క సవరణతో. ట్యూబ్ స్క్రీమర్ మిడ్స్ గుంట ఉన్న ఫెండర్ తరహా యాంప్ ముందు ఇమిడిపోతుంది. మిడ్స్ ముందే పొంగి ఉన్న యాంప్ ముందు లీడ్‌కి బాగుంటుంది కానీ రిథమ్ మొత్తం ఆన్‌లో ఉంచితే డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది. అక్కడ మిడ్స్ కదిలించని క్లీన్ బూస్ట్ మేలు.

ఇక ట్యూబ్ స్క్రీమర్‌లోని 4558 చిప్ మార్చి టోన్ పెంచుకోవడం గురించి ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. ఆ చిప్ మార్పు తెచ్చే తేడా టోన్ నాబ్‌ని ఒక గీత కదిపినంత కూడా ఉండదు. రెండు పెడల్స్ పోల్చేటప్పుడు ముందు రెండిటి లెవెల్ సమానం చేయండి. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. కొనుగోళ్లలో సగం పొరపాట్లు అక్కడే జరుగుతాయి.

తీగల గురించి ఎవరూ అడగలేదు. మసి పట్టిన తీగల మీద ఈ చర్చంతా దండగ, కొత్తవి వేసి వినండి. 9ల బదులు 10–46 వేస్తే లావు తీగలు గట్టి వాయింపుకి పైకి శ్రుతి తప్పడం తగ్గుతుంది. కానీ ట్రెమొలో స్ప్రింగులు, ఇంటొనేషన్ మళ్లీ సరిచేయాలి. పిక్ 0.7 నుంచి 1 మిల్లీమీటర్ దాటితే అంచు మీద చప్పుడు తగ్గి స్వరం లావవుతుంది. ఇది పెడల్ కంటే చవక.

ఆరో_తీగ

కాంబోకి ఎక్స్‌టర్నల్ జాక్ ఉంది, కనీసం 4 ఓమ్స్ అని రాసుంది, ప్లగ్ పెడితే లోపలిది ఆగిపోతుంది. 8 ఓమ్స్ 12 అంగుళాల క్యాబినెట్ చూస్తున్నాను, తర్వాత ఎస్‌డీ-1. చివరి ప్రశ్న: రెండు పెడల్స్ ఒకే అడాప్టర్ మీద పెట్టొచ్చా? ఇప్పటికే హమ్ ఉంది, ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియడం లేదు.

పన్నెండు_అంగుళాలు

రెండు అనలాగ్ పెడల్స్‌కి ఒకే 9 వోల్టుల అడాప్టర్ సరిపోతుంది, ఒక్కోటి సాధారణంగా 5 నుంచి 20 మిల్లీ ఆంపులే తాగుతుంది. మధ్య పిన్ నెగటివ్ ఉండాలి. పాత జెర్మేనియం ఫజ్‌లు కొన్ని దీనికి ఉల్టా, వాటిని ఈ గొలుసులో కలపకండి. డిజిటల్ డిలే వస్తే లెక్క మారుతుంది. అది వంద మిల్లీ ఆంపులు దాటి లాగొచ్చు, అదే గొలుసు మీద కీచుమనే శబ్దాన్ని పక్కవాటికి అంటిస్తుంది. అప్పుడు ఐసొలేటెడ్ సప్లై కావాలి.

హమ్‌ని వెతకడానికి వరుస ఇది. గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. పోతే గిటార్ లోపలి నుంచి, ఉంటే పెడల్ లేదా యాంప్ నుంచి. పెడల్స్ తీసేసి కేబుల్ నేరుగా పెట్టి మళ్లీ చూడండి. గిటార్‌దే అయితే తీగల మీద చేయి వేయండి. తగ్గితే మామూలే, గ్రౌండ్ సరిగా ఉంది. చేయి వేస్తే పెరిగితే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తీగలు తారుమారై ఉండొచ్చు. తర్వాత గిటార్ పట్టుకుని నిలబడ్డ చోటే తిరగండి. ఒక దిక్కులో తగ్గి ఇంకో దిక్కులో పెరిగితే అది సింగిల్ కాయిల్ దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్‌నో లైట్ డిమ్మర్‌నో పట్టుకుంటోంది. గెయిన్ ఎక్కువుంటే నాయిస్ గేట్‌ని (వాయించనప్పుడు శబ్దాన్ని ఆపే పెడల్) డిస్టార్షన్ తర్వాత, డిలేకి ముందు పెట్టాలి. స్వరం తోక తెగిపోకుండా థ్రెషోల్డ్ వీలైనంత కింద ఉంచండి.

హమ్ పోతుందని యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం తీయకండి, ఎవరు చెప్పినా సరే. లోపల లోపం వస్తే ఆ కరెంటు తీగల మీదుగా మీ చేతిలోకే వస్తుంది.

సోల్డర్_పొగ

హంబకర్ పుట్టిందే ఈ హమ్ కోసం. సెత్ లవర్ గిబ్సన్‌కి 1955లో దాని పేటెంట్ దరఖాస్తు చేశాడు, 1957 నుంచి గిటార్లలో వచ్చింది. రెండు కాయిల్స్ ఒకదానికొకటి వ్యతిరేకంగా చుట్టి ఉంటాయి కాబట్టి బయటి హమ్ రద్దవుతుంది. అందుకే బ్రిడ్జ్ స్థానంలో హమ్ లేకుండా నెక్, మిడిల్‌లో మాత్రమే ఉంటే రిపేరు చేయాల్సిందేమీ లేదు.

ఐదు స్థానాల స్విచ్‌ని నెక్+మిడిల్ మీద పెట్టి వినండి. అక్కడ హమ్ తగ్గితే మీ మిడిల్ పికప్ రివర్స్ చుట్టినది, ఆ స్థానాన్ని నిశ్చింతగా వాడుకోండి. బ్రిడ్జ్+మిడిల్‌లో కూడా తగ్గాలంటే ఆ స్థానంలో హంబకర్ ఒక కాయిల్‌కి స్ప్లిట్ అవ్వాలి, అదీ మిడిల్‌కి వ్యతిరేకంగా ఉన్న కాయిల్ మిగలాలి. తప్పు కాయిల్ మిగిలితే హమ్ రద్దవదు. హంబకర్‌కి నాలుగు తీగలు బయటికొస్తుంటే స్విచ్ దగ్గర మార్చొచ్చు, ఒక్క తీగా షీల్డూ మాత్రమే ఉంటే దాన్ని అలాగే వదిలేయండి.